నల్ అంటే సున్నా కాదు

2023 ఫిబ్రవరి నెలాఖరులో నార్వే రాజధాని ఓస్లోలో కొంతమంది యువతీయువకులు అక్కడి పెట్రోలియం, ఇంధన శాఖ ఆఫీసులో బైఠాయించారు. కొన్ని రోజులకి గ్రెటా థున్‌బర్గ్ కూడా వచ్చి వాళ్ల పక్కన కూర్చుంది. పోలీసులు ఆమెని ఎత్తుకెళ్తున్న ఫొటోలు మనలో చాలామంది ఫోన్లలో చూసే ఉంటారు. ఏ బొగ్గు గనికో, ఏ ఆయిల్ కంపెనీకో వ్యతిరేకంగా అనుకుని పైకి స్క్రోల్ చేసేసి ఉంటారు కూడా. కానీ ఆ ధర్నా గాలిమరల మీద.

"పర్యావరణం అని ప్రపంచమంతా తిరిగే అమ్మాయి గాలిమరలు వద్దంటదేటిరా?" అని మా హాస్టల్లో ఒకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వెతుక్కుంటూ వెళ్తే దారి నార్వే నుంచి అనంతపురం కొండల మీదికి, అక్కణ్నుంచి తిరిగి మన గాజువాకకే వచ్చింది. నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. గాలి కరెంటు మనకి కావాలి, తప్పకుండా కావాలి. కానీ "అక్కడ ఎవరూ లేరు, ఖాళీ కొండ" అని ఎవరైనా అంటే మాత్రం చెక్ చేయకుండా నమ్మకూడదు.

మనకెందుకు ఈ గోల?

గాజువాకలో మేడ మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పక్కనే పరవాడలో ఎన్టీపీసీ సింహాద్రి ప్లాంటు ఉంది. 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు, అన్నీ బొగ్గువే. బొగ్గు కాల్చకుండా కరెంటు వస్తుందంటే అందరికంటే ముందు చప్పట్లు కొట్టాల్సింది మనమే.

2025 జనవరి 8న ప్రధాని విశాఖ వచ్చి పూడిమడక దగ్గర గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన చేశారు. రోజుకి 1500 టన్నుల హైడ్రోజన్ తయారుచేయాలన్నది ప్లాన్. మన క్లాసుల్లో అప్పటినుంచి ఒకటే చర్చ, ఉద్యోగాలు ఎన్ని, ఏ బ్రాంచి వాళ్లకి అని. ఇంకో ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయాలంటే కరెంటు కావాలి. ఈ ప్రాజెక్టుకి 20 గిగావాట్ల పునరుత్పాదక విద్యుత్ సామర్థ్యం కావాలని వాళ్లే ప్రకటించారు. స్థాపిత సామర్థ్యం లెక్కలో అది పది సింహాద్రులతో సమానం. 2024లో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన సమగ్ర క్లీన్ ఎనర్జీ పాలసీ అయితే 160 గిగావాట్లకి పైగా అంటోంది.

అదంతా పూడిమడకలో పుట్టదు కదా. ఎక్కడో కొన్ని కొండల మీద గాలిమరలు, ఎక్కడో కొన్ని మైదానాల మీద సోలార్ పలకలు వస్తాయి. అంటే మన ఉద్యోగానికి కావాల్సిన కరెంటు మనం ఎప్పుడూ చూడని ఊళ్లలోంచి రాబోతోంది. ఆ ఊళ్ల గురించి మాట్లాడుకోవాల్సింది ఇప్పుడే, కట్టేశాక కాదు.

గాలి ఎక్కడుంటే మేత అక్కడ

గాలిలో ఉండే శక్తి గాలి వేగానికి ఘనంలో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు. సెకనుకి 5 మీటర్ల గాలి వీచే చోటుకన్నా 7 మీటర్లు వీచే చోట దాదాపు 2.7 రెట్ల శక్తి ఉంటుంది. అందుకే కంపెనీలు పల్లంలో ఉన్న స్థలం వదిలేసి కష్టమైనా సరే కొండ కొప్పుకే ఎక్కుతాయి. చలి దేశాల్లో ఇంకో లాభం కూడా ఉంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది. మైనస్ 10 డిగ్రీల గాలి, 40 డిగ్రీల గాలికన్నా దాదాపు 19 శాతం బరువు. అదే వేగానికి అంత ఎక్కువ కరెంటు.

ఆ లాభానికి తగ్గ కష్టాలూ ఉన్నాయి. ఉత్తరాది చలిలో రెక్కల మీద మంచు పేరుకుంటుంది. రెక్క ఆకారం మారిపోయి ఉత్పత్తి పడిపోతుంది, బరువు సమానంగా లేక యంత్రం ఊగుతుంది, మంచు గడ్డలు ఊడి దూరంగా ఎగిరి పడతాయి. దానికని రెక్కల్లోకి వేడిగాలి పంపిస్తారు, లేదా రెక్క పైపొర కింద కార్బన్ హీటర్లు పెడతారు. మామూలు ఉక్కు గడ్డకట్టే చలిలో పెళుసవుతుంది కాబట్టి వేరే గ్రేడు వాడతారు. గేర్ల నూనె కూడా వేరు. కెనడా ఉత్తరాన డయావిక్ వజ్రాల గని దగ్గర 2012లో నాలుగు గాలిమరలు నిలబెట్టారు. అక్కడికి సామాను చేరేది గడ్డకట్టిన సరస్సుల మీద చలికాలంలో కొన్ని వారాలు మాత్రమే ఉండే మంచు రోడ్డు మీదుగా. ఇంజనీరింగ్ అంటే అదీ అనిపిస్తుంది. ఇన్ని సమస్యలకి జవాబు కనిపెట్టినవాళ్లు ఒక్క సమస్య దగ్గర మాత్రం తడబడ్డారు. అది యంత్రానిది కాదు, అక్కడ ముందునుంచీ ఉన్న మనుషులది.

నార్వే మధ్యభాగంలో ఫోసెన్ అనే ద్వీపకల్పం ఉంది. అక్కడ స్టోర్‌హైయా, రోఆన్ అనే రెండు చోట్ల కలిపి 151 గాలిమరలు పెట్టారు. కట్టేటప్పుడు ప్రధాన వాటా ప్రభుత్వ సంస్థ స్టాట్‌క్రాఫ్ట్‌ది. ఆ కొండలు సామీలనే ఆదివాసుల రెయిన్‌డీర్ మందలకి చలికాలపు మేత. ఇక్కడే కథలో అసలు ముడి ఉంది. చలికాలంలో అంతటా మంచు కప్పేస్తే రెయిన్‌డీర్‌కి తిండి ఎక్కడ దొరుకుతుంది? గాలి బలంగా వీచి మంచుని ఊడ్చేసే కొండ కొప్పుల మీద. కింద ఉన్న నాచు లాంటి లైకెన్ అక్కడే బయటపడుతుంది. అంటే ఏ గాలి కోసం కంపెనీ ఆ కొండ ఎక్కిందో, ఆ గాలి వల్లే ఆ కొండ సామీలకి మేత భూమి అయింది. తిరిగే రెక్కల దగ్గరికి మందలు రావని వాళ్లు మొత్తుకున్నారు. కోర్టులో కేసు నడుస్తోంది. 2018లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ పని ఆపమని కూడా అడిగింది. ఆపలేదు, కట్టేశారు.

2021 అక్టోబర్ 11న నార్వే సుప్రీంకోర్టు 11 మంది న్యాయమూర్తులతో ఏకగ్రీవ తీర్పు ఇచ్చింది. మైనారిటీ ప్రజలు తమ సంస్కృతిని తాము పాటించుకునే హక్కుని ఈ ప్రాజెక్టు ఉల్లంఘించింది కాబట్టి దానికిచ్చిన లైసెన్సు చెల్లదని చెప్పింది. అయినా రెక్కలు తిరుగుతూనే ఉన్నాయి. తీర్పు వచ్చి 500 రోజులైనా ఏమీ మారలేదని జరిగిందే ఓస్లో ధర్నా. తర్వాత ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2023 డిసెంబర్‌లో దక్షిణ ఫోసెన్ వాళ్లతో, 2024 మార్చిలో ఉత్తర ఫోసెన్ వాళ్లతో ఒప్పందాలు కుదిరాయి. ఏటా పరిహారం, వేరే చోట చలికాలపు మేత, అలాంటివి. హాస్టల్లో మావాడి ప్రశ్నకి జవాబు ఇదే. గ్రెటా గాలిమరలు వద్దనలేదు. సుప్రీంకోర్టు తీర్పుని అమలు చేయండి అంది, అంతే.

అనంతపురం కొండ

ఇదంతా ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గరి ముచ్చట అనుకుంటే, మన రాష్ట్రంలోనే దీనికి అన్న లాంటి కథ ఉంది.

నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గర వాన దింపేసుకుని, తేలికై, రాయలసీమ మీదికి వస్తాయి. అందుకే అనంతపురం వైపు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి హోరున వీస్తుంది, వాన మాత్రం తక్కువే. మన దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అదొకటి. వాన లేని కొండ మీద పంట పండదు. గడ్డి మొలుస్తుంది. గడ్డి మొలిస్తే గొర్రెలు వస్తాయి. కురుబలు తరతరాలుగా అలా బతికారు. ఫోసెన్‌లో గాలి మంచుని ఊడ్చేసి మేత ఇస్తే, ఇక్కడ వాన మోసుకురాని గాలి కొండని మేతకి వదిలేసింది. రెండు చోట్లా గాలి ఉన్న చోటే మంద ఉంది. ఇది యాదృచ్ఛికం కాదు. ఇంకో వందచోట్ల వెతికినా ఇలాగే ఉంటుందని నా అనుమానం.

ఉమ్మడి అనంతపురం జిల్లాలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి వైపు, కల్పవల్లి అనే చోటు ఉంది. ఒకప్పుడు బోడి కొండలు. తొంభైల మొదటి నుంచి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ కలిసి వేల ఎకరాలని కాపాడుకుంటూ వచ్చారు. వేసవిలో నిప్పు అంటుకోకుండా కాపలా కాశారు, విత్తనాలు చల్లారు, నరకనివ్వలేదు. మెల్లగా గడ్డి తిరిగొచ్చింది, ఈత చెట్లు వచ్చాయి, చీపుర్లు కట్టి అమ్ముకునే పని దొరికింది, వాగుల్లో నీళ్లు నిలిచాయి. తోడేళ్లు కూడా తిరిగే అడవి అయింది.

రెవెన్యూ రికార్డులో మాత్రం అది అప్పటికీ బంజరే. ఆ కొండల మీదికి నల్లకొండ పవన విద్యుత్ ప్రాజెక్టు వచ్చింది. ఒక్కొక్కటి 800 కిలోవాట్ల గాలిమరలు, మొత్తం 50.4 మెగావాట్లు. అంతంత పొడవు రెక్కలు, టవర్ ముక్కలు మోసే ట్రెయిలర్లు కొండెక్కాలంటే వెడల్పాటి రోడ్లు కావాలి. క్రేన్ నిలబడాలంటే కొప్పుని చదును చేయాలి. వాలుని అడ్డంగా కోసి రోడ్లు వేశారని, మట్టి జారి వాగుల్లోకి వచ్చిందని, పెంచుకున్న చెట్లు, గడ్డి పోయాయని ఊళ్లవాళ్లు, ఆ సంస్థ గోల పెట్టారు. గాలిమర పునాది తినేది చిన్న స్థలమే. దాని దగ్గరికి వెళ్లే రోడ్డే కొండని తినేది.

మరి ముందుగా ఎవరూ పరిశీలించలేదా అంటే, చట్టం అడగదు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో పవన విద్యుత్ లేదు. పొగ రాదు కాబట్టి ప్రభావం లేదు అన్నమాట. ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఆ నోటిఫికేషన్‌లో భాగమే కాబట్టి అదీ తప్పనిసరి కాదు. 2006లోనే వచ్చిన అటవీ హక్కుల చట్టం పశువుల మేతని ఒక హక్కుగా గుర్తించింది. కానీ ఆ చట్టం పనిచేసేది అటవీ భూమిలో. రెవెన్యూ బంజరు అయితే ఆ తలుపు కూడా మూసే ఉంటుంది.

మన డీబీఎంఎస్ పాఠం

డీబీఎంఎస్ క్లాసులో మొదటి నెలలోనే చెప్తారు. ఒక గడిలో నల్ ఉందంటే అక్కడ సున్నా ఉందని కాదు, ఆ సమాచారం మన దగ్గర లేదని. నల్‌ని సున్నా అనుకుని సగటు తీస్తే మార్కుల షీటు మొత్తం తప్పుతుంది. ఆబ్సెంట్ అయినవాడిని సున్నా మార్కులు వచ్చినవాడిగా లెక్కేస్తే ఎవరైనా ఊరుకుంటారా?

రెవెన్యూ రికార్డులో "బంజరు" అనే మాట నా దృష్టిలో ఒక నల్. ఈ భూమికి పట్టా లేదు, శిస్తు రాదు, కాబట్టి ఇక్కడ ఏం జరుగుతోందో మేం రాసుకోలేదు అని దాని అర్థం. గాలిమర ఎక్కడ పెట్టాలో తేల్చే సాఫ్ట్‌వేర్‌కి గాలి వేగం ఇస్తాం, వాలు ఇస్తాం, గ్రిడ్ ఎంత దూరమో ఇస్తాం. మంద ఏ దారిలో నడుస్తుంది, ఏ నెలలో ఏ వాగు దగ్గర నీళ్లు తాగుతుంది అన్న కాలమ్ అసలు టేబుల్‌లోనే లేదు. లేని కాలమ్‌ని సాఫ్ట్‌వేర్ సున్నాగానే చదువుతుంది. తర్వాత అది ఇచ్చే జవాబుని మనం "ఆప్టిమల్" అని పిలుస్తాం.

కాగితం ఉన్నవాళ్లకి ఏం జరుగుతుందో కూడా మన రాష్ట్రమే చూపించింది. 2019 జులైలో అప్పటి ప్రభుత్వం జీవో 63 ఇచ్చి, పాత పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలు తగ్గించడానికి కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకి వెళ్లాయి. మధ్యలో పవన విద్యుత్‌కి యూనిట్‌కి 2.43 రూపాయల తాత్కాలిక ధర నడిచింది. 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ ఒప్పందంలో రాసుకున్న ధరే ఇవ్వాలని, బకాయిలు ఆరు వారాల్లో కట్టాలని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పుని నేను తప్పుపట్టడం లేదు. ఒప్పందం అంటే ఒప్పందమే. నేను చూసేది ఒకటే. అదే కొండ మీద కంపెనీ చేతిలో 25 ఏళ్ల కాగితం ఉంది, గొర్రెల కాపరి చేతిలో వంద ఏళ్ల అలవాటు ఉంది. కోర్టుకి తీసుకెళ్లగలిగేది మొదటిదాన్నే.

గాజువాకకి ఇది కొత్త కాదు

"విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అనే నినాదం వినకుండా ఇక్కడ ఎవరూ పెరగలేదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ఆ హక్కు కోసం 64 గ్రామాలవాళ్లు భూములిచ్చారు. అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ వైపు నిర్వాసితుల కాలనీలు ఎందుకున్నాయో, ఆర్ కార్డు అంటే ఏమిటో బయట ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఫ్రెండ్స్‌కి తెలియకపోవచ్చు. భూమి పోయిన కుటుంబానికి ఇచ్చిన పునరావాస కార్డు అది. దాని మీద ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ వయసు దాటిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు.

గమనించండి, కనీసం ఆ కార్డు ఉంది. పేరుంది, నెంబరుంది. యాభై ఏళ్ల తర్వాత కూడా అడగడానికి చేతిలో ఒక ఆధారం ఉంది. పట్టా ఉన్న పొలం పోయినవాళ్ల పరిస్థితే ఇదైతే, పట్టా లేని మేత కొండ పోయినవాళ్లకి ఏ కార్డు ఇస్తారు? గాలిమర టవర్ ఉక్కుది. ఉక్కు కోసం ఊళ్లు వదిలిన చోట చదువుకుంటున్న మనం, ఆ ఉక్కు వెళ్లి నిలబడే కొండ గురించి అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు?

"అయితే బొగ్గే కాల్చుకుందామా?"

ఈ మాట కచ్చితంగా వస్తుంది, రావాలి కూడా. సముద్రం వేడెక్కేకొద్దీ తుపాన్లు ఎలా బలపడతాయో మనకి పుస్తకంలో చదవక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన బ్యాచి చిన్నపిల్లలం, అయినా ఆ రోజు చప్పుడు ఎవరూ మర్చిపోలేదు. గొర్రెల కోసం గాలిమరలు ఆపేయమని నేను అనడం లేదు. ఫోసెన్‌లో కూడా ఒక్క గాలిమరనీ పీకలేదు. వాళ్లు చివరికి చేసిన పని, మొదట్లోనే కూర్చుని చేసి ఉంటే ఇన్నేళ్ల కేసు, అంత పరువు నష్టం ఉండేవి కాదు. ముందు మాట్లాడటం వల్ల ప్రాజెక్టు ఆలస్యం అవుతుందంటారు. తర్వాత కోర్టులో పోయే కాలం ఎవరూ లెక్కేయరు.

నార్వే డబ్బున్న దేశం, మనకి సాధ్యమా అనేది రెండో మాట. లెక్క వేద్దాం. 2 మెగావాట్ల గాలిమర ఒకటి, ఏడాది మొత్తం మీద సామర్థ్యంలో 25 శాతం ఉత్పత్తి చేసిందనుకుంటే, 43.8 లక్షల యూనిట్లు వస్తాయి. యూనిట్‌కి 5 పైసలు ఆ ఊరికి పక్కన పెడితే ఒక్క గాలిమర మీద ఏడాదికి దాదాపు 2.19 లక్షల రూపాయలు. ఊరి చుట్టూ 25 ఉంటే 55 లక్షలకి దగ్గర. ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునే పరిహారం కాదు, రెక్క తిరిగినన్నాళ్లూ వచ్చే ఆదాయం. నార్వే కూడా 2024 నుంచి నేల మీది గాలిమరల మీద 25 శాతం ప్రత్యేక పన్ను వేస్తోంది. దీనికి ధనిక దేశం అవ్వాల్సిన పనిలేదు. 5 పైసలు చాలు.

నా దృష్టిలో అడగాల్సినవి మూడు. ఒకటి, ఒక స్థాయి దాటిన పవన ప్రాజెక్టులకి కనీసం చిన్నపాటి పర్యావరణ, సామాజిక పరిశీలన, గ్రామసభ తప్పనిసరి చేయాలి. ఆ గ్రామసభలో పట్టాదారులతో పాటు మేతకి వచ్చేవాళ్లూ ఉండాలి. రెండు, ఏటా యూనిట్ లెక్కన ఊరికి వాటా. మూడు, రోడ్డు డిజైన్‌ని గాలిమర డిజైన్ అంత సీరియస్‌గా తీసుకోవాలి. నీరు పోయే దారి, తీసిన పైమట్టి మళ్లీ ఎక్కడ పరుస్తారు, పని అయ్యాక వాలుని ఎవరు సరిచేస్తారు, ఇవన్నీ టెండర్‌లోనే రాయాలి.

నాలుగోది ప్రభుత్వానికి కాదు, మనకి. ప్రతి ఏడాదీ మన డిపార్ట్‌మెంట్‌లో పవన విద్యుత్ అంచనా మీద నాలుగైదు మెషీన్ లెర్నింగ్ ప్రాజెక్టులు వస్తాయి. అదే డేటాసెట్, అదే మోడల్, ఎర్రర్ అర శాతం తగ్గిందని అదే ఆఖరి స్లయిడ్. ఈసారి ఒక్క టీమ్ అయినా వేరే పని చేయొచ్చు కదా. ఒక మండలం తీసుకుని, గాలిమరలు రాబోయే కొండల మీద మందల దారులు, నీటి చోట్లు, ఏ నెలలో ఎక్కడ మేత, అన్నీ కాపరుల్ని అడిగి జీఐఎస్ మ్యాప్ మీద పెట్టండి. ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, సివిల్ వాళ్లు వాలు లెక్కలు చూస్తారు, సీమ నుంచి వచ్చిన ఫ్రెండ్స్ ఊళ్లలో మాట కలుపుతారు. నేను వచ్చే సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి ఇదే పెడదామనుకుంటున్నాను. ఇంకో ముగ్గురు కావాలి. బ్రాంచి ఏదైనా పర్లేదు, గొర్రెల కాపరితో అరగంట తెలుగులో మాట్లాడగలిగితే చాలు.